గత్తర న్యూయార్క్ దాకా పోయింది... మీకు తెలుసా?

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పల్లెల్లో ముసలవ్వలకు కోపమొస్తే "నీకు గత్తర రాను" అనేవాళ్లు. ఇప్పటి పిల్లల చెవికి అదొక ఉత్త తిట్టు. గత్తరంటే కలరా. పొద్దున వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరంతా పోయి, కళ్లు గుంటలు పడి, పొద్దుగూకేలోపే మనిషి పోయేవాడు. తిట్టు అంత గట్టిగా ఉండటానికి కారణం అది!

సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల వెనకా గత్తర కథే చెబుతారు. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి బదిలీ అయ్యాడట. ఇక్కడ రోగం మనుషుల్ని ఊడ్చేస్తోందని విని, అక్కడి అమ్మవారికి మొక్కి, 1815లో తిరిగొచ్చి కొయ్య విగ్రహం నిలిపాడని ఆలయ కథనం. కొందరు అది ప్లేగంటారు. జబ్బు పేరు ఏదైనా, మొక్కు మాత్రం నిలిచింది.

ఇక ఈ రోగం ప్రపంచయాత్రను చరిత్రకారులు 1817 నుంచి లెక్కగడతారు. బెంగాల్‌లోని జెస్సోర్ దగ్గర అంటుకుంది. తర్వాతి విడతలో రష్యా, ఐరోపా దాటి, 1832 జూన్‌లో వలస ఓడల్లో కెనడాలోని క్విబెక్‌లో దిగింది. ఆ నెలాఖరుకే న్యూయార్క్‌లో తేలింది. రెండున్నర లక్షల లోపు జనమున్న ఊళ్లో దాదాపు 3,500 మంది చనిపోయారు. బండి ఉన్నవాళ్లు ఊరు విడిచి పారిపోయారు. మురికివాడల్లో మిగిలిన ఐరిష్ వలస కూలీలను "తాగుబోతులు, అందుకే వచ్చింది" అని పెద్దమనుషులు ఆడిపోసుకున్నారు. రోగం ఎవరికొస్తే తప్పు వాళ్లదే అనడం మనకూ కొత్త కాదు లెండి.

దేశమంతా ఉపవాస ప్రార్థన ప్రకటించమని అడిగితే అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఒప్పుకోలేదు. మతం జోలికి ప్రభుత్వం పోకూడదన్నాడు. 1849లో కలరా మళ్లీ వచ్చినప్పుడు ఇంకో అధ్యక్షుడు జాకరీ టేలర్ మాత్రం ఆగస్టులో ఒక శుక్రవారాన్ని ఉపవాస దినంగా ప్రకటించాడు. మన దగ్గర బోనం, అక్కడ ఉపవాసం!

అసలు దోషి నీళ్లు. 1884లో జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ కలరా క్రిమిని పట్టుకున్నది కలకత్తాలో; అక్కడి ఒక చెరువు నీళ్లలోనూ అది దొరికింది. ఒకప్పటి మనలాగే అక్కడి జనం ఒకే చెరువులో స్నానం చేసి, బట్టలుతికి, ఆ నీళ్లే తాగేవాళ్లు. చెరువు కట్ట మీద మైసమ్మ తల్లి ఎంత కాపలా కాసినా, నీళ్లు మరగబెట్టాల్సింది మనమే.

ఇంకో ముచ్చట. తన అన్నదమ్ములిద్దరు ఎనిమిది రోజుల తేడాతో పేగుల జబ్బుతో పోవడం చూసిన భీమవరం కుర్రాడు ఎల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా వెళ్లాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన సారథ్యంలోని బృందమే ఆరియోమైసిన్ అనే మందును తెచ్చింది. 1948లో అది లోకానికి తెలిసింది, అదే ఏడాది ఆయన కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. సెలైన్, ఓఆర్ఎస్‌లతో పాటు కలరా రోగికి డాక్టర్లు ఇవాళ్టికీ రాసే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబానిదే.