నాన్నతో వేటకెళ్దాం... తుపాకీ లేకుండా!

ఆకురాలే కాలం వచ్చిందంటే చాలు... అమెరికాలోని కొలరాడో, మోంటానా కొండల్లో ఎల్క్ వేట సందడి మొదలవుతుంది. నలభై, యాభై ఏళ్ల కొడుకులు డెబ్బై దాటిన తండ్రుల్ని వెంటబెట్టుకుని, దారులు తెలిసిన గైడుకి డబ్బు కట్టి మరీ అడవికి బయల్దేరతారు. జంతువు దొరకడం, దొరక్కపోవడం తర్వాతి సంగతి. నాన్న మోకాళ్లు, గుండె వచ్చే ఏడాదికి ఎలా ఉంటాయో... అందుకే ఇప్పుడే వెళ్లి రావాలన్నది అసలు ఆరాటం. ఆ ఆరాటం గాజువాక ఇళ్లలోనూ ఉంది. ఇక్కడ తుపాకీ పట్టకూడదు. తేడా అంతే!

మన ఎల్క్... కణితి!

ఇంతకీ ఎల్క్ అంటే ఏమిటి? అడిగే దేశాన్ని బట్టి జవాబు మారుతుంది. అమెరికావాళ్లు ఎల్క్ అనేది ఒక భారీ దుప్పిని. యూరప్‌లో అదే పేరుతో పిలిచేది వేరే జంతువుని. దాన్ని అమెరికాలో మూస్ అంటారు. ఇక బ్రిటిష్ కాలంలో దక్షిణాదిన, సిలోన్‌లో వేటకు తిరిగిన దొరలు ఎల్క్ అని రాసుకున్నది మన కణుజునే! సిలోన్‌లో దీన్ని వేటాడిన శామ్యూల్ బేకర్ 1850ల్లో రాసిన పుస్తకం నిండా ఎల్క్ ముచ్చట్లే.

కణుజుకే మరో పేరు కణితి. ఆ మాట గాజువాకవాళ్లకి కొత్త కాదు. ఏలేరు కాలువ నుంచి 150 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చిన నీళ్లు ఉక్కు కర్మాగారం కోసం చేరేది కణితి రిజర్వాయర్‌కే. ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో పండితులకు వదిలేద్దాం. ఆ జంతువు సంగతి మాత్రం తెలుసుకోవాల్సిందే. మన దేశంలోని జింక జాతుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. బాగా ఎదిగిన మగది రెండు వందల కిలోలు దాటుతుంది. కొమ్ముకి మూడేసి కొనలు. ఏటా ఆ కొమ్ములు రాలిపోయి కొత్తవి మొలుస్తాయి. పగలు పొదల్లో పడుకుని, చీకటి పడే వేళకి, తెల్లవారుజామున మేతకీ నీళ్లకీ బయటికొస్తుంది. పులి వాసన తగిలిందా... తోక పైకెత్తి, కాలు నేలకేసి కొట్టి, ఒక్కసారిగా గట్టిగా అరుస్తుంది. అడవి మొత్తానికి అదే సైరన్!

ఉక్కు తరం... విశ్రాంతి వేళ

1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన విశాఖ ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఈ రెండు తేదీల మధ్య ఉద్యోగాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు అరవై, డెబ్బైల్లో ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవాళ్లున్నారు. ప్లాంటు కోసం సొంత ఊరినే వదులుకున్న నిర్వాసితులూ ఉన్నారు. కొండ పక్కన పుట్టి, చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద కాపలా కాసి, తాతల నోట వేట కబుర్లు విని పెరిగిన తరం అది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా వాళ్లకి తెలిసినవి ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు. కోక్ ఓవెన్ వేడి, బ్లాస్ట్ ఫర్నేస్ హోరు.

ఇప్పుడు పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటున్నారు. పండక్కి వచ్చినప్పుడు నాన్నకి ఏం చేద్దామా అని ఆలోచిస్తారు. ఫోను మార్చేస్తారు. ఏసీ బిగిస్తారు. మాస్టర్ హెల్త్ చెకప్ చేయిస్తారు. ‘నీకెక్కడికి వెళ్లాలని ఉంది నాన్నా?’ అని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా మొదట వచ్చే సమాధానం ఒక్కటే... ‘ఈ వయసులో నాకెందుకురా!’ దాన్ని జవాబుగా తీసుకుంటే అక్కడితో సరి. రెండోసారి అడిగితేనే అడవి సంగతి బయటికొస్తుంది.

వేట ముచ్చట వద్దు

మనకీ ఒకప్పుడు వేట ఉండేది. జమీందార్లకీ దొరలకీ అది విలాసం. నల్లమలలోని ఫరహాబాద్‌లో నిజాం నవాబులకి వేట విడిదే ఉండేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి పగ్గాలు వేసింది. లైసెన్సు తీసుకుని వేటాడే కొద్దిపాటి వీలూ 1991 సవరణతో పోయింది. ఇప్పుడు కణుజుని చంపడమే కాదు, దాని మాంసం ఇంట్లో దొరికినా కేసే... జైలే.

ఇంత చెప్పడానికి కారణముంది. ‘మా ఊళ్లో నాటు తుపాకీ ఉంది, పెద్దాయన సరదా తీరుద్దాం రండి’ అనే బంధువు ప్రతి కుటుంబంలో ఒకరుంటారు. ఆ మాట వినకూడదు. చట్టం ఒక్కటే కాదు భయం. వేటగాళ్లు అడవి అంచున లాగే కరెంటు తీగలకి జంతువులే కాదు, దారిన పోయే మనుషులూ బలైపోతున్నారు.

పాడేరు, అరకు కొండల్లో చైత్రమాసం వస్తే గిరిజనులు ఇటుకల పండగ చేసుకుంటారు. మగవాళ్లు కలిసి అడవికి వేటకెళ్లడం అందులో ఆనవాయితీ. ఖాళీ చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టిస్తారు. కాలం మారింది. ఇప్పుడు ఆటపాటలదే పెద్దపీట. పండగ మాత్రం పోలేదు. నాన్నల వేట సరదాకీ అలాంటి దారి ఒకటుంది.

తరమడం కాదు... కాచుకోవడం

పాత వేటలో రెండు పద్ధతులుండేవి. ఒకటి జంతువుని తరమడం. అది కుర్రాళ్ల పని. రెండోది మాటు వేయడం. నీటి చెలమ దగ్గర, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, దగ్గు ఆపుకుని గంటల తరబడి కదలకుండా కూర్చోవడం. దీనికి కాళ్ల బలం కన్నా ఓపిక ముఖ్యం. ముప్ఫై ఏళ్లు షిఫ్టు డ్యూటీ చేసిన మనిషికి ఓపిక నేర్పాలా? ఐదు నిమిషాలకోసారి ఫోను చూసే కొడుక్కే అది కష్టం!

కాబట్టి యాత్ర ఏర్పాట్లలో మొదట కొట్టేయాల్సింది ట్రెక్కింగ్. పదిచోట్లు చుట్టేసే ప్యాకేజీలు కూడా వద్దు. ఒకే చోట రెండు రాత్రులు, రెండు ఉదయాలు... ఇలా వేసుకుంటే చాలు.

ముందు ఒకసారి రిహార్సల్ చేసుకోవచ్చు. గాజువాక నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలోనే కంబాలకొండ ఉంది. ఒకప్పుడు విజయనగరం రాజావారి అధీనంలో ఉన్న ఈ అడవిని 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 70 చదరపు కిలోమీటర్ల పైమాటే. చిరుత, కణుజు, దుప్పి, అడవిపంది ఉన్నాయి. జంతువులు కనిపిస్తాయన్న ఆశతో కాదు, పొద్దున్నే నాన్నని తీసుకెళ్లి ఎంత దూరం నడవగలుగుతున్నారో, ఎక్కడ ఆగుతున్నారో, ఎన్నిసార్లు కూర్చుంటున్నారో గమనించడానికి వెళ్లాలి. ఆయన చెప్పరు. చెప్పులో రాయి పడిందని ఆగితే అది ఆయాసం అని అర్థం చేసుకోవాలి.

డాక్టర్లు ఊపిరితిత్తులు, గుండె సత్తా తెలుసుకోవడానికి ‘ఆరు నిమిషాల నడక’ పరీక్ష చేయిస్తారు. ప్రయాణానికి ముందు అది చేయించుకోవడం మేలు. ఆగకుండా రెండంతస్తులు మెట్లెక్కలేని స్థితి ఉంటే, ఛాతీలో బరువుగా అనిపిస్తుంటే డాక్టరు సరేనన్నాకే టికెట్లు తీయాలి. షుగర్ ఉన్నవాళ్లకి మరో చిక్కు. సఫారీ జీపు తెల్లవారుజామునే బయల్దేరుతుంది. హడావుడిలో మాత్ర వేసుకుని ఏమీ తినకపోతే అడవి మధ్యలో కళ్లు తిరుగుతాయి. సమయం ఎలా మార్చుకోవాలో డాక్టర్నే అడగాలి. జేబులో చక్కెర బిళ్లలు తప్పనిసరి.

ఇంకోటి... ఎవరూ పైకి అనని విషయం. ఆ వయసులో మగవాళ్లకి ప్రొస్టేట్ సమస్య మామూలే. గంటకోసారి దిగాల్సి వస్తుంది. టైగర్ రిజర్వులో జీపు దిగనివ్వరు. ఈ ఒక్క భయంతోనే ‘నేను రాను, మీరెళ్లండి’ అనే పెద్దలెందరో! అది మొహమాటం అనుకుని వదిలేస్తారు పిల్లలు. సఫారీ ఎంతసేపు, మధ్యలో ఆపే చోటుందా అన్నది బుక్ చేసేటప్పుడే కనుక్కుని, ఆయన అడక్కముందే చెప్పేస్తే సగం సమస్య తీరినట్టే. నడుం నొప్పి ఉంటే డ్రైవరు పక్క సీటు అడగాలి. వెనక సీట్లో కుదుపులు ఎక్కువ.

అమ్మకి మల్లన్న... నాన్నకి కణుజు

మరి ఎక్కడికి? దేశంలోకెల్లా విస్తీర్ణంలో పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు మన రాష్ట్రంలోనే ఉంది. 3,700 చదరపు కిలోమీటర్లకు పైనే. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో తుమ్మలబైలు, ఆత్మకూరు వైపు బైర్లూటి... రెండుచోట్లా అటవీశాఖ జీపు సఫారీలున్నాయి. విశాఖ నుంచి రైల్లో మార్కాపురం రోడ్ దాకా వెళ్లి, అక్కణ్నుంచి కారులో చేరుకోవచ్చు. ఇందులో ఇంకో లాభం. శ్రీశైలం అక్కడే కాబట్టి అమ్మకి మల్లన్న దర్శనమూ అయిపోతుంది. అడవి అంటే ససేమిరా అనే అమ్మలు కూడా ఈ మాటకి సర్దుకుంటారు! రాత్రిపూట ఆ ఘాట్ రోడ్డు మీదికి వాహనాల్ని వదలరు. పొద్దుండగానే చేరేలా చూసుకోవాలి. దగ్గర్లో కావాలనుకుంటే రాజమండ్రి మీదుగా మారేడుమిల్లి ఉంది. అడవి అందం అక్కడ ఎక్కువ, జంతువులు కనిపించే అవకాశం తక్కువ.

కాలం ఎంచుకోవడంలోనే అసలు తిరకాసు. జంతువులు బాగా కనిపించేది ఎండాకాలంలో... చెలమల దగ్గరికి చేరతాయి కాబట్టి. కానీ ఆ ఎండ పెద్దవాళ్లకి ప్రమాదం. నవంబరు, డిసెంబరు హాయిగా ఉంటుంది గానీ అడవి దట్టంగా ఉండి ఏమీ కనపడదు. వానాకాలం మూడు నెలలూ టైగర్ రిజర్వుల్లో సందర్శకులకు ప్రవేశమే ఉండదు. రెండింటికీ మధ్యస్థంగా ఫిబ్రవరి రెండో సగం, మార్చి మొదటివారం బాగుంటుంది.

నల్లమలలో దారి చూపేవాళ్లలో, అడవి కాపలా కాసేవాళ్లలో చెంచులు ఎక్కువ. అడుగుజాడ చూసి ఏ జంతువు ఎటు వెళ్లిందో చెప్పగలరు. గైడు పక్కన నాన్నని కూర్చోబెట్టి కొడుకు కాస్త వెనక ఉండటం మంచిది. చిన్నప్పుడు మంచె మీద విన్న అరుపుల సంగతి ఆయనకి ఇంట్లో అడిగేవాళ్లు లేరు. ఇక్కడ వినేవాళ్లున్నారు. పెద్దాయనకి వినికిడి యంత్రం ఉంటే బ్యాటరీ కొత్తది వేయాలి. కణుజు కంటికి కనిపించేలోపు చెవికే అందుతుంది మరి.

డాలస్ నుంచి డెన్వర్‌కి

అమ్మానాన్నల్ని అమెరికా రప్పించినవాళ్లకి అసలైన ఎల్క్ చూపించే వీలుంది. కొలరాడోలోని ఎస్టెస్ పార్క్ ఊళ్లో, పక్కనే ఉన్న రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లో సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు దాకా అవి జత కట్టే కాలం. మగ ఎల్క్ సాయంత్రాలు బూర ఊదినట్టు కూస్తుంది. కారులో కూర్చునే వినొచ్చు. 75 అడుగుల లోపు దగ్గరికి వెళ్లకూడదన్నది పార్క్ నిబంధన. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఎత్తు గురించి. ఎస్టెస్ పార్కే ఏడున్నర వేల అడుగుల పైన ఉంది. పార్క్‌లోని ట్రైల్ రిడ్జ్ రోడ్డు పన్నెండు వేలు దాటుతుంది. అరకు మూడు వేల అడుగులే అని గుర్తుంటే తేడా తెలుస్తుంది. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లు ఆ రోడ్డెక్కకపోవడమే మేలు. మిగతావాళ్లు కూడా డెన్వర్‌లో ఒకటి రెండు రోజులాగి పైకి వెళ్లాలి.

అక్కడ చట్టప్రకారం వేటాడొచ్చు కదా అనుకుంటే... తతంగం చాలానే ఉంది. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట లైసెన్సు కావాలంటే ముందు శిక్షణ కోర్సు పాసవ్వాలి. మన ఉక్కు నాన్నలు దాదాపు అందరూ ఆ లెక్కలోకే వస్తారు! తుపాకీ వేట సీజన్లో ఒంటి మీద మెరిసే నారింజ లేదా గులాబీ రంగు బట్ట 500 చదరపు అంగుళాలైనా ఉండాలి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ ముట్టుకోవడానికి అక్కడి కేంద్ర చట్టం వేరే షరతులు పెడుతుంది. ఆరు నెలల కోసం వచ్చిన పెద్దాయనకి ఇదంతా దండగ శ్రమ. కూత వినిపిస్తే చాలు.

ఇక సంచిలో ఏమేం ఉండాలి? మందులు రెండు కట్టలుగా చేసి ఒకటి కొడుకు దగ్గర, ఒకటి నాన్న దగ్గర. మంకీ క్యాప్, ఎందుకంటే తెరిచిన జీపులో ఫిబ్రవరి ఉదయం కూడా చలే. దోమల మందు, పొడుగు చేతుల చొక్కా... మన్యానికి వెళ్తే మలేరియా గుర్తుంచుకోవాలి. తెల్లచొక్కా వద్దు, ఆకుపచ్చదో ఖాకీదో వేయించాలి. పాత ప్లాంటు యూనిఫాం ఉంటే ఇంకా మంచిది. కంటి శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లకి నల్లకళ్లద్దాలు. అందరివీ గుర్తింపు కార్డులు. బైనాక్యులర్ తేలికపాటిది, ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది చాలు. అంతకన్నా పెద్దదైతే వణికే చేతుల్లో బొమ్మ నిలవదు. అదీ ఒకటి కాదు, రెండు కొనాలి. ఒకటే ఉంటే నాన్న దాన్ని మీకే ఇచ్చేస్తారు.