ఆ కాలికి కావలసింది సబ్బూ, నీళ్లూ!

మా పెద్దమ్మాయికి పెళ్లిచూపులు 2012 మాఘమాసంలో. భీమవరం దగ్గర పల్లెటూళ్లో మా పుట్టింట్లోనే ఏర్పాటు చేశాం. పెద్దవాళ్లంతా అక్కడే ఉన్నారు, అరుగులున్న పాతిల్లు చూడ్డానికి నిండుగా ఉంటుంది అని. ముందురోజు రాత్రి వంటింట్లో మా మేనత్త కొబ్బరి కోరుతుంటే పక్కన చతికిలబడి, "అత్తా, రేపు వాళ్లొచ్చినప్పుడు..." అన్నాను. అంతే, మిగతా మాట నోట్లోంచి రాలేదు. రావాల్సిన అవసరమూ లేకపోయింది.

"నేను పెరట్లో ఉంటాలేవే. బావి దగ్గర నాకు పనుల్లేవా ఏం?" అంది అత్త, తల ఎత్తకుండానే.

మా అత్తకి ఎడం కాలు బోదకాలు. నాకు ఊహ తెలిసేసరికే ఉంది. ఆవిడ చీర ఎప్పుడూ నేలని ఊడ్చేది. పెళ్లిళ్లలో వెనక వరసలో, కాళ్లు చాప కిందకి ముడుచుకుని కూర్చునేది. రెండో కాన్పు తర్వాత మొదలైందట. గజ్జల్లో బిళ్ళ కట్టడం, వణికిస్తూ చలిజ్వరం, కాలు ఎర్రగా కమిలిపోవడం, నాలుగు రోజులకి తగ్గడం. తగ్గిన ప్రతిసారీ కాలు మాత్రం ముందున్నంత సన్నగా అయ్యేది కాదు. అమావాస్యకీ పున్నానికీ వస్తుందనేది ఆవిడ. పక్కూరాయన ఒకాయన నీరు తీస్తానని బ్లేడుతో గాట్లు పెడితే అవి పుళ్లుపడి నెల్లాళ్లు మంచంలో ఉంది.

పెళ్లిచూపులవాళ్లు వచ్చారు, స్వీటూ హాటూ తిన్నారు, వెళ్లారు. ఆ సంబంధం కుదరలేదు. కాలు వల్ల కాదు, ఇంటి స్థలం కూడా రాసిమ్మన్నారు కాబట్టి. మూడు గంటలు ఎండలో, తడినేల మీద వట్టికాళ్లతో కూర్చున్న అత్తకి ఆ రాత్రే జ్వరం వచ్చింది. దుప్పట్లు కప్పుతూ కూర్చున్నాను. ఆవిడ ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండుననిపించింది.

జ్వరం తగ్గాక బలవంతాన టౌన్లోని ఫైలేరియా క్లినిక్కి తీసుకెళ్లాను. నలభై ఏళ్లలో ఆ కాలికి మంత్రం, తాయెత్తు, పసరు అన్నీ అయ్యాయి గానీ సరైన చూపు దొరికింది ఆ రోజే. అక్కడి డాక్టరమ్మ మందుచీటీ రాయకముందే నర్సుని పిలిచి టబ్బు తెప్పించింది. నర్సు కింద కూర్చుని అత్త పాదం పట్టుకోబోతే, అత్త గభాల్న వెనక్కి లాక్కుంది. "వొద్దమ్మా, నువ్వు ముట్టుకోకు" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ రోజు నేను నేర్చుకున్నది చెబుతాను, ఇలాంటి కాలు మీ ఇంట్లోనూ ఉండొచ్చు కనుక. నీళ్లు వేడిగా ఉండకూడదు, మామూలు చల్లని శుభ్రమైన నీళ్లే. ఒంటికి రుద్దుకునే సబ్బు చాలు. మోకాలి దగ్గర్నుంచి కిందకి, మడత మడతలోనూ, వేలికీ వేలికీ మధ్యా మెత్తని గుడ్డతో తోమాలి. బ్రష్షూ, పీచూ పనికిరావు. నురుగంతా పోయేదాకా కడగాలి. ఆ తర్వాతది అసలు పని: ఆరబెట్టడం. రుద్దకుండా పాత నూలుగుడ్డతో అద్ది అద్ది తుడవాలి. వేళ్ల సందుల్లో చెమ్మ ఉండిపోతే ఒరుసుకుపోయి పగుళ్లు వస్తాయి. మన గోదావరి ఆడవాళ్ల కాళ్లు రోజంతా తడిలోనే కదా! ఒరిసినచోట డాక్టరిచ్చిన ఆయింట్‌మెంటు రాయాలి. రాత్రిళ్లు కాలికింద దిండు పెట్టుకోవాలి. కూర్చున్నప్పుడు పీట మీద కాలు చాపుకుని మడమ దగ్గర పైకీ కిందకీ ఆడిస్తూ ఉండాలి. వదులైన చెప్పులు పెరట్లోకి వెళ్లినా వేసుకోవాలి.

అత్తని మాటిమాటికీ పడగొడుతున్న ఆ జ్వరం పురుగు వల్ల కాదట! పగుళ్లలోంచి లోపలికి పోయిన మామూలు సూక్ష్మక్రిముల వల్లట. పురుగు కాలిలోని శోషరస నాళాలని పాడుచేసి పెట్టింది. నీరు సరిగ్గా వెనక్కి పోదు. ఆ నిలవ నీటిలో చిన్న పగులు కూడా పెద్ద జ్వరమవుతుంది. జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కుతుంది. అంటే అమావాస్య కాదు, వేళ్ల సందులో చెమ్మ! జ్వరం వచ్చినప్పుడు చల్లని తడిగుడ్డ వేసి, కాలు ఎత్తిపెట్టి, డాక్టరిచ్చిన మందు వాడాలి. వేడి కాపడాలు, మాలీషులు, గాట్లు వద్దే వద్దు.

"పెళ్లికూతురి కాళ్లకి కూడా ఇంత సేవ చెయ్యరే" అనేది అత్త మొదట్లో. తర్వాత తనే చేసుకోసాగింది. వంటింట్లో పాలలెక్క రాసే క్యాలెండర్లో జ్వరం వచ్చిన రోజుకి సున్నా చుట్టడం మొదలుపెట్టాం. మొదటి ఏడాది నాలుగు సున్నాలు. మరుసటి ఏడాది ఒక్కటి. అంతకుముందు నెల తిరక్కుండా వచ్చేది. కాలు మామూలైపోలేదు, ఇక అవదు కూడా. చర్మం మాత్రం మెత్తబడింది, వాసన పోయింది. అత్తకి అన్నిటికన్నా సంతోషం ఆ వాసన పోవడమే.

ఇంతకీ ఆ పురుగేమిటి? పెద్దదైతే కుట్టుదారంలా ఉంటుంది. ఆడపురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు. మన ఒంట్లో అయిదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బతికి లక్షల్లో పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు రక్తంలో తిరుగుతాయి. మిల్లీమీటరులో నాలుగో వంతు ఉంటాయంతే. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ అనే డాక్టరు వాటిని మనిషి రక్తంలో చూశాడు. 1877లో చైనాలో పాట్రిక్ మాన్సన్ తన తోటమాలిని కుట్టిన దోమల్ని కోసి, పురుగు పిల్లలు దోమ కడుపులో ఎదుగుతున్నాయని కనిపెట్టాడు. ఒక జబ్బుపురుగు దోమలో పెరుగుతుందని లోకానికి తెలియడం అదే మొదలు. అయితే పాపం ఆయన, ఆ దోమ నీళ్లలో చచ్చిపడితే ఆ నీళ్లు తాగినవాళ్లకి జబ్బు వస్తుందనుకున్నాడు. కుట్టినచోటు నుంచే లోపలికి పోతుందని తేలడానికి మరో ఇరవై ఏళ్లకి పైనే పట్టింది.

ఇంకో విచిత్రం. ఈ పిల్లపురుగులు పగలంతా ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. మురుక్కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పుట్టే క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా రాత్రే మరి! నా చిన్నప్పుడు రాత్రి రక్తం తీసేవాళ్లు టార్చిలైట్లతో మా వీధికొస్తే, మా నాయనమ్మ తలుపు గడియ వేసి, "పెళ్లి కావలసిన పిల్లలున్న ఇల్లు" అని లోపల్నుంచే పంపేసేది. రాత్రే ఎందుకు వస్తారో ఎవరూ మాకు చెప్పలేదు. దొంగల్ని చూసినట్టు చూశాం వాళ్లని.

నన్ను పడుకోనివ్వని సంగతి డాక్టరమ్మ ఆఖర్న చెప్పింది. కాలు ఇంతగా వాచినవాళ్లలో చాలామంది రక్తంలో పిల్లపురుగులు ఉండవట. అవి ఉండేది ఏ వాపూ లేని, ఆరోగ్యంగా కనిపించే వాళ్ల రక్తంలోనట. అంటే ఆ రోజు మేం పెరట్లో దాచింది అత్తని. దోమకి పురుగునిచ్చే రక్తం ముందుగదిలో కాఫీలందించిన మాలో ఎవరిదైనా అయ్యుండొచ్చు.

మాలో ఎవరిదైనా అని ఊరికే అనడం లేదు. 2008లో ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ మాత్రలు తెచ్చింది. డీఈసీ మాత్రలు మూడు, ఆల్బెండజోల్ ఒకటి. అప్పటికి నాలుగేళ్లుగా దేశమంతా, ఈ జబ్బున్న జిల్లాల్లో ఏటా ఒకసారి అందరికీ ఇస్తున్నారు. రెండేళ్లలోపు పిల్లలకీ, గర్భిణులకీ, జబ్బుతో మంచానపడ్డవాళ్లకీ తప్ప. "అన్నం తిన్నాక నా ఎదురుగా మింగండమ్మా" అంది. "మింగుతాంలే, అక్కడ పెట్టు" అన్నాను. అందరివీ కలిపి పోపుల డబ్బా వెనక పెట్టాను. ఎదురింటావిడకి మాత్ర వేసుకున్నాక కళ్లు తిరిగి జ్వరం వచ్చిందని విన్నాను మరి. ఒంట్లో పురుగు చస్తున్నప్పుడు వచ్చే జ్వరమది, ఒకట్రెండు రోజుల్లో పోతుందని అప్పుడు తెలియదు. ఏడాదికోసారి వేసుకుంటే రక్తంలోని పిల్లపురుగులు చస్తాయి. పెద్దపురుగు ముసలిదై చచ్చేదాకా, అయిదేళ్లకి తగ్గకుండా ఊరంతా వేసుకుంటే దోమకి పట్టుకెళ్లడానికి ఏమీ దొరకదు. ఊరంతా వేసుకోవాలి, అదే కిటుకు. నా మాత్రలు సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడు చెత్తలోకి పోయాయి.

ఆ డీఈసీ ఎవరిదో తెలుసా? మా భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందానిది! రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్లిన అమెరికా సైనికులకి ఈ జబ్బు సోకితే మందు కోసం వెతికారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలకి పరిశోధనాధిపతిగా ఉన్న సుబ్బారావు గారి దగ్గర 1947లో అది తేలింది. మరుసటి ఏడాదే ఆయన పోయారు. మా ఊరి జబ్బుకి మా ఊరి మనిషి మందు కనిపెడితే, అరవై ఏళ్ల తర్వాత నేను దాన్ని పోపుల డబ్బా వెనక దాచానన్నమాట. చైనావాళ్లయితే ఇదే మందుని ఉప్పులో కలిపి కూరల్లో వేసి తిన్నారు. 2007కల్లా జబ్బుని వదిలించుకున్నారు. శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో వదిలించుకున్నాయి.

ఇదేదో గోదావరి జిల్లాల గొడవ అనుకోకండి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా, అటు నల్గొండ, మెదక్, కరీంనగర్‌లలో కూడా ఈ కాళ్లున్నాయి. మగవాళ్లకయితే చాలామందికి వరిబీజం రూపంలో వస్తుంది. పంచె కింద దాచుకుని ఏళ్లు గడిపేస్తారు. దానికి ఆపరేషనుంది, నయమవుతుంది. మీ ఇంట్లో ఎవరైనా నడక మార్చుకుంటే కాస్త గమనించండి.

మా అమ్మాయికి 2013లో మరో సంబంధం వచ్చింది. ఈసారి నేనే ముందుగా వాళ్లతో చెప్పాను, ఇంట్లో మా మేనత్తకి బోదకాలుందని. పెళ్లికొడుకు తల్లి, "వంశంలో వస్తుందాండీ?" అని అడిగింది. వంశంలో రాదు, దోమతో వస్తుంది, అదీ నెలల తరబడి కుట్టగా కుట్టగా అన్నాను. ఆవిడ కాసేపాగి, "మా చిన్నాడపడుచుకీ ఉందిలెండి" అంది గొంతు తగ్గించి. పెళ్లిలో అత్త ముందువరసలో కుర్చీలో కూర్చుంది, కొత్త చెప్పులేసుకుని. చీర మాత్రం ఎప్పట్లానే కిందకి కట్టింది. అలవాటు.

ఊళ్లో మాత్రలిచ్చి ఆపేశాక, జబ్బు నిజంగా పోయిందో లేదో చూడ్డానికి ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల రక్తం పరీక్ష చేస్తారు. మాత్రలు పంచుతున్న కాలంలో పుట్టిన పిల్లలు కదా, వాళ్లలో పురుగు జాడ ఉంటే దోమ ఇంకా మోస్తోందని లెక్క. ఇది పగలే చెయ్యొచ్చు. వేలిమీద చుక్క రక్తం, పది నిమిషాలు. రెండు గీతలొస్తే ఉన్నట్టు, ఒకటే అయితే లేనట్టు. మా తమ్ముడి కూతురు ఒకటో తరగతిలో ఉండగా వాళ్ల బడిలో చేశారు. నేనప్పుడు ఊళ్లోనే ఉన్నాను. పిల్ల దూది అంటించిన వేలు పైకెత్తి చూపించుకుంటూ గుమ్మంలోకొచ్చింది.

"ఎన్ని గీతలొచ్చాయే?" అంది అత్త, పీట మీద కాలు చాపుకునే.

"ఒక్కటే మామ్మా. టీచరుగారు నాన్నకి చెప్పారు."

అత్త కాసేపు ఆ వేలు పట్టుకుని చూసింది. "సర్లే, కాళ్లు కడుక్కురా, అన్నం పెడతాను" అంది.