తల్లివేరు తెగిన తర్వాత

మామిడి టెంక మొలిచేటప్పుడు ముందు బయటపడేది వేరు. రాగిరంగు చిగురు మట్టిని తోసుకుని తలెత్తేసరికే కింద తల్లివేరు లోతుకు దిగిపోయి ఉంటుంది. నేలలో అయితే దానికి అడ్డేముంది? నర్సరీ సంచిలోనే చిక్కంతా. అడుగు తగిలాక పోయే దారి లేక అక్కడే చుట్టలు చుట్టుకుంటుంది. ఆ మొక్కను అలాగే గుంటలో పెడితే ఏళ్లు గడిచినా చుట్ట విడదు. వేరు లావెక్కేకొద్దీ తనకు తానే ఉరి బిగించుకుంటుంది. నేలను గట్టిగా పట్టుకోలేని అలాంటి చెట్టు పెద్ద గాలివానకు ఒరిగిపోతుంది.

అందుకే నాటేముందు, చుట్టుకున్న ఆ కాస్త మేర పదునైన కత్తెరతో కోసేస్తారు. చూస్తుంటే ప్రాణం చివుక్కుమంటుంది. కానీ అసలు వింత మొదలయ్యేది ఆ కోత దగ్గరే.

పోయిన కొస మామూలుది కాదు. కింద ఏదో పైన ఏదో వేరుకు తెలిసేది అక్కడే. చార్లెస్ డార్విన్, కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి, చిక్కుడు జాతి మొలకల వేరు కొసలు కోసి అడ్డంగా పెట్టి చూశాడు. వేరు పెరిగింది గానీ కిందికి వంగలేదు. కొన్నాళ్లకు కొత్త కొస వచ్చాక మళ్లీ నేలవైపు తిరిగింది. 1880లో అచ్చయిన వాళ్ల పుస్తకంలో ఇదంతా ఓపిగ్గా రాసి ఉంది.

కొస ఉన్నంతకాలం తన దగ్గర్లో పిల్లవేర్లను తలెత్తనివ్వదు. అది తెగిందా, కోతకు కాస్త పైన, వేరు లోపల పెరిసైకిల్ అనే పొరలో కణాలు మేల్కొంటాయి. పిల్లవేర్లు తెల్లగా, దారప్పోగుల్లా, పైపొరను చీల్చుకుని వస్తాయి. ఒక్క వేరు ఉన్న చోట ఒక గుంపు!

ఈలోగా పైన మాత్రం ఎదుగూ బొదుగూ ఉండదు. వేరు కొసల్లో తయారై పైకి వెళ్లే సైటోకైనిన్ అనే హార్మోను తగ్గుతుంది, నీరూ తగ్గుతుంది. కొత్త ఆకులు చిన్నవిగా, కణుపులు దగ్గరదగ్గరగా వస్తాయి. ఆకులు వండిన తిండిలో ఎక్కువ పాలు వేర్లకే పోతుంది. పైకీ కిందికీ ఉన్న పాత పాళ్లు కుదిరాకే చిగురు ఊపందుకుంటుంది. మెదడంటూ లేని చెట్టు ఈ లెక్క ఎలా తప్పకుండా చూసుకుంటుందో తలుచుకున్న ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అనంతపురం చీనీ, నల్లగొండ బత్తాయి తోటల్లో పూత కోసం చెట్లను బెట్టకు పెట్టడం వెనక ఉన్నదీ ఈ లెక్కే. నీళ్లు ఆపుతారు. బరువు నేలల్లో పాదులో పైమట్టి తీసి, పీచువేర్లు కొన్ని కత్తిరించి, కొన్నాళ్లకు ఎరువూ మట్టీ కప్పి తడి ఇవ్వడమూ ఉంది. చిగురేయడం ఆపిన కొమ్మ పూతకు వస్తుంది. అయితే అది కాపుకొచ్చిన చెట్టుకు. ఒళ్లు చేసుకోవాల్సిన లేతచెట్టుకు పూత ఆశతో వేరు కోస్తే దాని ఎదుగుదలనే దోచుకున్నట్టు. లేతమొక్కకు కోత పెట్టాల్సి వస్తే నాటే రోజునే, చుట్టుకున్న మేరకే పెట్టాలి. కొత్త చిగురు కనబడేదాకా పాదు ఆరనివ్వకూడదు, అలాగని నీళ్లు నిలవనివ్వకూడదు.