‘నక్కో’ అంటే అంత ముద్దెందుకు?

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజుల బేరం వింటుంటే ఒక మాట పదే పదే చెవిన పడుతుంది: ‘నక్కో’. వద్దు అని అర్థం. ఇంట్లో ఉర్దూ మాట్లాడని తెలుగు పిల్లలూ దాన్ని ఇష్టంగా వాడేస్తారు. ఎందుకు?

ముందు అది ఎలా పుట్టిందో చూద్దాం. 1327లో మహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని ఢిల్లీ నుంచి దౌలతాబాద్‌కు మార్చాడు. అలా దక్కనుకు వచ్చి స్థిరపడ్డవాళ్ల ఉత్తరాది మాట ఇక్కడి మరాఠీ, తెలుగు, కన్నడాలతో కలిసి దక్కనీ అయింది. మరాఠీ ‘నకో’యే దక్కనీలో ‘నక్కో’. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలోనే కవిత్వం రాశాడు. కాబట్టి దక్కనీ అంటే చెడిపోయిన ఉర్దూ అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక ఇష్టం సంగతి. సగం మహిమ చప్పుడుదే. ‘క్క’ నోట్లో టక్కున తగులుతుంది, చివరి ‘ఓ’ను ఎంతైనా సాగదీయొచ్చు. సాగదీతను బట్టి అదే మాట కోపం, గారాబం, బతిమాలుడు కూడా అవుతుంది. ‘అక్కడ, ఇక్కడ, పక్కన’ అనే మన నాలుకకు అది పరాయిగానూ అనిపించదు. పైగా ఆ మాట అనగానే ఎక్కడున్నా ‘హైదరాబాదీ!’ అని గుర్తుపట్టేస్తారు. ఆ గుర్తింపు ఎవరికి చేదు?

ఇలాంటిదే ఇంకో హైదరాబాదీ మాట ‘పర్సోఁ’ మరీ తమాషా. హిందీలో మొన్న, లేదా ఎల్లుండి. పాతబస్తీలో అది పోయిన వారం కావచ్చు, పోయిన ఏడాదీ కావచ్చు. తేదీ తేలాలంటే మళ్లీ అడగాల్సిందే.