క్యాలిబర్ అంకె చెప్పేదెంత?

తుపాకీ గొట్టపు లోపలి వ్యాసాన్ని క్యాలిబర్ అంటారు. దీన్ని అమెరికా, బ్రిటన్ సంప్రదాయంలో అంగుళాల్లోనూ, ఐరోపా ఖండంలో మిల్లీమీటర్లలోనూ చెప్పడం అలవాటు కనుక, పాయింట్ 22 అంటే అంగుళంలో నూటికి ఇరవై రెండు వంతులు, అంటే దాదాపు 5.6 మిల్లీమీటర్లు. అయితే ఈ అంకెలు పేర్లుగా స్థిరపడినవే తప్ప కచ్చితమైన కొలతలు కావు. పాయింట్ 38 స్పెషల్ తూటాలోని గుండు వ్యాసం నిజానికి 0.357 అంగుళం మాత్రమే.

కొత్తగా షూటింగ్ నేర్చుకునేవారు ఈ అంకెనే బలానికి కొలమానంగా భావించడం సహజమే గాని, అది సరికాదు. సాధారణ పాయింట్ 22 లాంగ్ రైఫిల్ గుండు సుమారు 2.6 గ్రాముల బరువుతో సెకనుకు 330 మీటర్ల వేగంతో వెడలుతుంది. వ్యాసంలో దాదాపు దానంతే ఉండే పాయింట్ 223 రెమింగ్టన్ రైఫిల్ గుండు 3.6 గ్రాములే తూగినా, దాని వెనుక ఎక్కువ మందు ఉండటం వల్ల 990 మీటర్ల వేగాన్ని అందుకుంటుంది. కదిలే వస్తువుకుండే గతిజశక్తి ద్రవ్యరాశితో పాటు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, మొదటిదాని శక్తి 140 జౌళ్లయితే రెండవదానిది 1,760 జౌళ్లు, అంటే పన్నెండు రెట్లకు పైమాటే.

ఫిలిప్పీన్స్‌లో మోరో యోధులపై పాయింట్ 38 రివాల్వర్లు చాలడం లేదన్న ఫిర్యాదుల నేపథ్యంలో, అమెరికా సైన్యానికి చెందిన థాంప్సన్, లగార్డ్ 1904లో షికాగో కబేళాలలో పశువులపైన, అంతకుముందు శవాలపైన పరీక్షలు జరిపి, పాయింట్ 45కు తగ్గని క్యాలిబర్ కావాలని తేల్చారు. ఆ పరీక్షల్లో కాల్చిన పశువుల సంఖ్య స్వల్పం, పద్ధతి ఒకే తీరున సాగలేదు. అయినా మనిషిని నిలువునా ఆపగల ‘స్టాపింగ్ పవర్’ పెద్ద గుండుకే ఉంటుందన్న నమ్మకం అక్కడి నుంచే బలపడింది. భౌతికశాస్త్రంలో అలాంటి రాశి ఏదీ లేదు. 7.5 గ్రాముల 9 మిల్లీమీటర్ల గుండు 360 మీటర్ల వేగంతోనూ, 14.9 గ్రాముల పాయింట్ 45 గుండు 255 మీటర్ల వేగంతోనూ పోతున్నప్పుడు రెండింటి శక్తీ ఇంచుమించు 480 జౌళ్లే; ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం రెండవదానికి ఎక్కువే అయినా, అది మొత్తం 70 కిలోల దేహానికి సంక్రమించినప్పుడు కలిగే వేగం సెకనుకు అయిదారు సెంటీమీటర్లే. గుండు తగిలిన మనిషి గాలిలో ఎగిరిపడటం సినిమాలకే చెల్లు.

గాయం తీవ్రతను నిర్ణయించేది గుండు ఎక్కడ తగిలింది, ఎంత లోతుకు దిగింది అన్నవే. 1986లో మయామీ కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లను కోల్పోయిన ఎఫ్‌బీఐ, ప్రాణాపాయ భాగాన్ని చేరకముందే ఆగిపోయిన ఒక గుండును పరిశీలించాక, కండరాన్ని పోలిన జెలటిన్ ముద్దలో గుండు కనీసం 12 అంగుళాలు దిగాలన్న ప్రమాణాన్ని పెట్టుకుంది.

క్రీడలో ఈ చర్చకే తావులేదు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో వాడేది అర గ్రాము తూగే 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్. కాగితంపై రంధ్రం పడితే చాలు కనుక, తుపాకీ వెనక్కి తన్నడం ఎంత తక్కువైతే గురి అంత నిలకడగా ఉంటుంది. అలాగని చిన్న క్యాలిబర్‌ను తేలిగ్గా తీసుకోరాదు: పాయింట్ 22 గుండు అడ్డులేకపోతే కిలోమీటరుకు పైగా పోగలదు, అందుకే రేంజిలో లక్ష్యం వెనుక మట్టికట్టనో గోడనో తప్పనిసరిగా నిలుపుతారు.