రొట్టె తగ్గిన నాడు

యాలాల్ పల్లెలలో పొలమునుండి వచ్చినవారికి జొన్నరొట్టె, కందిపప్పే విందు. పొరుగు తాండూరు పేరిట 2022లో భౌగోళిక గుర్తింపు పొందినది ఆ కందియే. కాని ఇన్సులిన్ సూదిపై బ్రతుకు మధుమేహి ఆ రొట్టెను లెక్కించి తినవలెను.

1922 జనవరిలో టొరంటోలో తొలిసారి ఇన్సులిన్ పొందిన 14 ఏండ్ల బాలుడు ఎముకల గూడు. ఆ మందు అతని ప్రాణము నిలిపినది. ఒంటికి కండ పట్టించు ఆ గుణమే నేడు స్థూలకాయులకు చిక్కయినది. తిండి తగ్గించి మందు తగ్గించనిచో నెత్తుటిలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకు దిగజారును; చెమట, వణుకు, మైకము. వెంటనే మూడు చెంచాల పంచదార తినక తప్పదు. దినమెల్ల కడుపు మాడ్చుకొన్న ఫలము అంతటితో సరి!

విసిగి సూది మానినచో బరువు తగ్గుట నిజమే. అది కండ కరగి, నెత్తురు ఆమ్లమై, ప్రాణము తీయు తగ్గుదల.

కనుక రెండు రొట్టెలు ఒకటి చేసిన నాడే వైద్యుని అడిగి మందు మోతాదును సవరించుకొనవలెను; నడకకు ముందు చక్కెర చూచుకొనవలెను. ఇట్లు నెలకొక కిలో తగ్గినను అది ఓటమి కాదు, గెలుపే.