మౌనము అంగీకారము కాదు

గ్రామపెద్దలారా,

హైదరాబాదు పాతనగరమున, చార్మినారు సమీపమున, హుస్సేనీ ఆలం అను పేట కలదు. మన పల్లెలలోని పీర్లచావిడి వంటి అషుర్‌ఖానాలో నిలుపు ఆలమునుబట్టి దానికా పేరు వచ్చెను. అచ్చట ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల యున్నది. అట్టి కళాశాలలకు ఆడపిల్లలను పంపునపుడు తలిదండ్రులకు కలుగు మొదటి భయము దారిలో ఎదురగు అపరిచితుని గూర్చియే. ఆ భయము నిష్కారణము కాదు. వీధులలోని వేధింపు నరికట్టుటకే 2014 అక్టోబరు 24న హైదరాబాదున ‘షీ టీములు’ ఏర్పడినవి. అయినను, బలాత్కారములను గూర్చి ప్రభుత్వము ఏటేట ప్రకటించు లెక్కలలో, నూటికి 90కి మించిన కేసులలో నిందితుడు బాధితురాలు ఎరిగినవాడే: బంధువో, పొరుగువాడో, స్నేహితుడో. కావున వీధికి కాపలా పెట్టిన చాలదు. మన బాలురు ఏమి నమ్ముచున్నారో తెలిసికొనవలెను.

“మౌన మర్ధాంగీకారము” అని మనమందుము. పెండ్లిచూపులలో పిల్ల తల వంచిన చాలును, సమ్మతించినదని నిశ్చయించుకొందుము. ఇంట ఈ మాట విని పెరిగిన బాలుడు, పిల్ల భయముచే నోరాడక నిలిచినపుడు దానిని సమ్మతిగా నెంచును. ఆమె “వద్దు” అన్నను, సిగ్గుచే నన్నదని తలంచును. భయము మిక్కుటమైనపుడు కాలుసేతులు కొయ్యబారుట శరీరధర్మమని వాడెరుగడు. పెనుగులాడలేదన్న కారణముచేతనే స్త్రీ సమ్మతించినట్లు భావింపరాదని 2013 నాటి చట్టము స్పష్టముగా పలికినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితయు దానినే నిలిపినది. 18 ఏండ్లు నిండని బిడ్డ విషయమున, 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, సమ్మతి యను ప్రశ్నయే లేదు.

ఇట్టి నమ్మకములు బాలురకే పరిమితములు కావు. 1978లో నల్లకుంట పోలీసుఠాణాలో ఒక స్త్రీ బలాత్కారమునకు గురియయ్యెను. ఆమె భర్త దెబ్బలవలన మరణించెను. జస్టిస్ ముక్తదర్ విచారణసంఘము పోలీసులను దోషులుగా తేల్చినది. అయినను, ఆ విచారణలో ఆమె నడవడినే ప్రశ్నించిరి. రాయచూరునకు మారిన ఆ కేసులో 1981లో నిందితులు విడుదలైరి. జరిగిన నేరమును విడిచి స్త్రీ నడవడిని తూచు అలవాటు రచ్చబండపై నేటికిని వినబడుచునే యున్నది. ఆ మాటలు విను బాలుడు, కొందరు స్త్రీలకు జరిగిన అన్యాయము అన్యాయమే కాదని నేర్చుకొనును.

కావున బాలురను గద్దించుటకు ముందు అడుగుడు. “పిల్ల నవ్వి మాటాడిన, అర్థమేమి? ఊరకున్న, అర్థమేమి? నీ స్నేహితుడొక పిల్లను వెంటాడిన, నీవేమి చేయుదువు?” వారి యుత్తరములను ఓపికతో వినుడు. తప్పని లోలోపల తలంచు బాలుడు సైతము, తోడివారందరు మెచ్చుచున్నారని భ్రమించి నోరుమూసికొనును. ఒకడు పలికినచో పదుగురికి ధైర్యము కలుగును.

బిడ్డకు హాని జరిగినదని తెలిసిన, జరిమానాతోనో పెండ్లితోనో రాజీ చేయకుడు. తెలిసియు పోలీసులకు తెలుపకుండుట పోక్సో చట్టము క్రింద నేరము. పిల్లలకై 1098కును, స్త్రీలకై 181కును ఫోను చేయవచ్చును. చెప్పుకొనవచ్చిన పిల్లను “నీవేల పోతివి?” అని అడుగకుడు. అడిగినచో ఆమె మరల నోరు విప్పదు. ఆ మౌనమునకు బాధ్యులము మనమగుదుము.